ఇత్తడి డొల్లకు కందెన ఎందుకు? ఏది? ఎంత?

మేముండే పేట పేరు జహనుమా, అంటే లోకాన్ని చూపేది అని అర్థం. ఇప్పుడు ఆ పని ఫోన్లు చేస్తున్నాయి. మా గల్లీ చివర లేత్ షాపులో పనిచేసే కుర్రాడు ఒక సాయంత్రం ఫోను తెచ్చి నా ముందు పెట్టాడు. అమెరికాలో ఎవరో ముసలాయన షెడ్డులో కూర్చుని, పేల్చేసిన తూటాల ఇత్తడి డొల్లలను ఒక్కొక్కటే తీస్తున్నాడు. చిన్న డబ్బాలోంచి మైనం లాంటిది వేలికొసతో అద్ది, డొల్ల చుట్టూ రాసి, చేతి ప్రెస్సులో పెట్టి మీట నొక్కుతున్నాడు.

"కాకా, గిదేంది? పెదాలకు రాసుకునేది ఇత్తడికి రాస్తున్నడు. రాయకుంటే ఏమైతది?"

"ఇరుక్కుంటది."

"గంతేనా?"

అంతే కాదు. పాతికేళ్ళు ప్రెస్ టూల్స్ మీద బతికినవాణ్ణి, ఒక్క మాటతో వదిలిపెట్టే ప్రశ్న కాదది. పైగా వాడు ఊరికే అడగలేదు. వాళ్ళ షాపులో ఇత్తడి బుష్షులు డైలో నొక్కుతున్నారు, ఒంటినిండా గీతలు పడుతున్నాయి. ఆ ముసలాయన డొల్ల మాత్రం అద్దంలా బయటికొస్తోంది. అదీ వాడి బాధ.

ముందే ఒక మాట చెప్పి పెట్టాను. తూటాలను తిరిగి నింపుకోవడం అక్కడ వేటగాళ్ళకీ షూటింగ్ పోటీలవాళ్ళకీ ఇంటి సరదా. మన దగ్గర కాదు. 1959 నాటి ఆయుధాల చట్టం ఐదో సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారు చేయడం నేరం. అదే చట్టం తూటా విడిభాగాలనూ, వాటిని తయారుచేసే యంత్రాలనూ కూడా తూటా అనే మాట కిందికే చేర్చింది. కాబట్టి డొల్లలు ఏరుకొచ్చి డైలో పెట్టి చూద్దామనే ఆలోచన వద్దు. ఇత్తడికీ ఉక్కుకీ మధ్య జరిగే కథ మాత్రం రెండు చోట్లా ఒకటే. అది తెలిస్తే బుష్షుల పనీ తెలుస్తుంది.

అసలు డొల్లను మళ్ళీ నొక్కాల్సిన అవసరం ఎందుకొచ్చింది?

తూటా పేలినప్పుడు లోపల పుట్టే వాయువు డొల్లను బెలూనులా ఉబ్బించి తుపాకీ గది గోడలకు అదిమేస్తుంది. .308 విన్చెస్టర్ అనే మామూలు వేట తూటాలో అనుమతించిన గరిష్ఠ పీడనం 62,000 పీఎస్ఐ. కారు టైరులో ఉండేది 30 చిల్లర. అంటే రెండు వేల టైర్ల బలుపు ఒక్క వేలెడంత గొట్టంలో. అలా ఉబ్బడం మంచికే. గోడకు అతుక్కోవడం వల్లే వాయువు వెనక్కి, కాల్చేవాడి ముఖం మీదికి రాదు. పీడనం తగ్గగానే ఇత్తడి కొద్దిగా వెనక్కి ముడుచుకుంటుంది, డొల్ల ఊడి వస్తుంది. కానీ పాత కొలతకు రాదు. రెండు మూడు థౌ, మన భాషలో తలవెంట్రుకంత, లావెక్కి ఉంటుంది. దాన్ని మళ్ళీ పాత నడుముకు తేవడమే డై పని.

వెంట్రుకంతే కదా, దానికి ఇంత హడావుడి దేనికి అంటాడేమోనని లాడ్ బజార్ గుర్తుచేశాను. గాజులు తొడిగే ఆమె ఏం చేస్తుంది? చేతిని ముడిచి, పిడికిలి ఎముకల దగ్గర సబ్బు నురగ పూసి, ఒక్కసారి తిప్పి తోస్తుంది. గాజు సాగదు, చెయ్యే లొంగాలి. సబ్బు లేకపోతే గాజు సగంలో ఆగిపోతుంది, ఇక ముందుకూ రాదు, వెనక్కీ పోదు. డై ఆ గాజు లాంటిది. డొల్ల చెయ్యి. కాకపోతే చెయ్యి మెత్తన, ఎముక దాటగానే హాయిగా జారిపోతుంది. ఇత్తడి డైలో ఉన్నంతసేపూ బయటికి తన్నుతూనే ఉంటుంది. నొక్కి లోపలికి పంపడం ఒక కష్టమైతే బయటికి లాగడం రెండో కష్టం.

కందెన లేకుండా నొక్కితే జరిగేది ఇది. కంటికి నున్నగా కనిపించే డై గోడ మీద కూడా సన్నటి గుట్టలుంటాయి. ఇత్తడి ఉపరితలానిదీ అదే తీరు. ఆ గుట్టల కొసలు మాత్రమే ఒకదాన్నొకటి తాకుతాయి, బరువంతా వాటిమీదే పడుతుంది. అంత ఒత్తిడికి మెత్తటి ఇత్తడి ఉక్కుకు చిన్న చిన్న ముక్కలుగా అంటుకుపోతుంది, అతుకు వేసినట్టు. డొల్ల కదలగానే ఆ ముక్కలు డొల్లను విడిచి డై గోడకే ఉండిపోతాయి. తర్వాత వచ్చే డొల్లను అవే గీస్తాయి, ఇంకొంచెం ఇత్తడిని పోగేసుకుంటాయి. బుష్షుల మీది గీతలకు కారణం డైలో ఇసుక అనుకుంటున్నాడు మనవాడు. ఇసుక కాదురా, నిన్నటి ఇత్తడే.

ఈ పాఠం నాకు ఒక రోజు జీతంతో వచ్చింది. ఒకప్పుడు నేను పనిచేసిన చోట ఇత్తడి మూతలు డ్రా చేసేవాళ్ళం. ఒక రోజు డ్రాయింగ్ కాంపౌండ్ అయిపోయింది. తెలివి ఎక్కువై పక్కనున్న పల్చటి స్పిండిల్ ఆయిల్ పోశాను. నూనే కదా, జారకపోతుందా అని. మొదటి పాతిక ముక్కలు బాగానే వచ్చాయి. తర్వాత గీత, దాని తర్వాత గాడి, చివరికి ఒక మూత డైలో బిగుసుకుని అడుగు ఊడిపోయింది. డైకి పాలిష్ పెట్టడానికి ఒక పూటంతా పట్టింది. సూపర్‌వైజరు ఏమీ అనలేదు, నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. దానికన్నా తిట్టినా బాగుండేది.

నూనె ఎందుకు పనిచేయలేదు? కందెన గురించి తెలుసుకోవాల్సిన అసలు విషయం ఇక్కడే ఉంది.

నూనె రెండు రకాలుగా కాపాడుతుంది. వేగంగా తిరిగే ఇరుసు నూనెను తనతోపాటు సందులోకి లాక్కెళ్ళి దాని మీద తేలుతుంది. అక్కడ లోహం లోహాన్ని తాకనే తాకదు. మోటారు బేరింగు బతికేది అలాగే. డైలోకి డొల్ల దిగడం మెల్లగా, చేతి మీటతో, భారీ ఒత్తిడి మీద జరిగే పని. తేలడానికి వేగమే లేదు. పల్చటి నూనె సందులోంచి పక్కకు పిండుకుపోతుంది. అప్పుడు మిగిలేది లోహానికి గట్టిగా పట్టుకుని ఉండే అణువుల మందం పొర ఒక్కటే. 1920ల మొదట్లో విలియం హార్డీ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త దీన్ని సరిహద్దు కందెన అనే అర్థం వచ్చే పేరుతో వేరు చేసి చూపించాడు. కొవ్వు ఆమ్లాలు, సబ్బులు, మైనాలు ఈ పనికి పుట్టినట్టుంటాయి. వాటి పొడవాటి అణువుకు ఒక కొస లోహాన్ని పట్టుకుంటుంది, తోక బయటికి నిలబడుతుంది. వరిమడిలో నారు ఒత్తుగా నాటినట్టు ఊహించుకోండి. పైనుంచి ఎంత నొక్కినా నారు వేళ్ళతో సహా పక్కకు పోదు.

మన కంసాలికి ఇది పుస్తకం చదవకుండానే తెలుసు. కమ్మచ్చులో బంగారు తీగ లాగేటప్పుడు మైనమో నూనో అద్దకుండా లాగడు. కరీంనగర్ వెండి తీగపనికి వెంట్రుక లాంటి తీగ వచ్చేది అలా రంధ్రం తర్వాత రంధ్రం దాటించి సన్నం చేస్తేనే. ఎడ్లబండి ఇరుసుకు పల్చటి నువ్వుల నూనె కాక జిగట ఆముదం ఎందుకు పెట్టేవారు? అదే లెక్క. ఆముదంలో దాదాపు తొంభై శాతం ఉండే రిసినోలిక్ ఆమ్లం లోహాన్ని విడవదు. మొదటి ప్రపంచ యుద్ధపు విమానాల్లో చాలావాటి ఇంజన్లలో పోసింది ఆముదమే. కాస్ట్రాల్ అనే కంపెనీ పేరులో ఉన్నదీ దాని ఇంగ్లిషు పేరే. పాలమూరు, నల్లగొండ చేలల్లో పండే పంటకు ఆకాశంలో అంత గిరాకీ.

"అయితే ఆ ముసలాయన డబ్బల ఉన్నది ఆముదమా?"

కాదు. అక్కడ ఎక్కువగా వాడేవి మూడు రకాలు. ఒకటి అలా వేలితో రాసే గట్టి మైనం. రెండోది లానోలిన్, అంటే గొర్రె ఉన్నిలో ఉండే జిడ్డు. బొచ్చు కత్తిరించి కడిగినప్పుడు వచ్చేది, గొర్రెను కోస్తే వచ్చేది కాదు. పేరుకు కొవ్వంటారు గానీ రసాయనంగా అది మైనమే. పసిపిల్లల క్రీముల్లో, పెదాల మందుల్లో ఉండేదీ ఇదే, కాబట్టి కుర్రాడి మొదటి అనుమానం మరీ తప్పేం కాదు. లానోలిన్ ఒక వంతు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పది పన్నెండు వంతులు కలిపి డొల్లల మీద పిచికారీ చేస్తారు. ఆల్కహాల్ ఆవిరైపోతుంది, పల్చటి పొర అంతటా సమానంగా మిగులుతుంది. ఆల్కహాల్ పూర్తిగా ఆరకముందే తొందరపడి నొక్కిన వాళ్ళే "ఈ కందెన పనికిరాదు, ఇరుక్కుంది" అని గోల పెడుతుంటారు. తడి ఆల్కహాల్ కందెన కాదు, కందెనను మోసుకొచ్చిన బండి. బండి వెళ్ళేదాకా ఆగాలి. మంటకు దూరంగా, గాలి ఆడే చోట.

మూడోది పొడి రకం: గ్రాఫైటు, అభ్రకం పొడి. ఇవి డొల్ల ఒంటికి కాదు, మెడ లోపలికి. డొల్ల బయటికొచ్చేటప్పుడు దాని మెడలోంచి ఒక ఉక్కు గుండు దూరి మెడను సరైన కొలతకు విప్పుతుంది. అక్కడ పొడిగా ఉంటే కీచుమంటుంది, మెడ సాగుతుంది, వంకర పోతుంది. జిడ్డు రాస్తే కీచు ఆగుతుంది గానీ ఆ జిడ్డుకు తర్వాత పోసే మందు గింజలు అంటుకుంటాయి. అందుకని పొడి. చోటు మారితే కందెనా మారాలి.

మెడ లేని తిన్నటి పిస్తోలు డొల్లలకు చాలామంది ఏమీ రాయరు. వాళ్ళ డైలో లోపలి ఉంగరం టంగ్‌స్టన్ కార్బైడుతో చేసి ఉంటుంది. ఇత్తడి దానికి అంత తేలిగ్గా అంటుకోదు. సీసా ఆకారం డొల్లలకు మాత్రం కార్బైడు డై ఉన్నా కందెన తప్పదు. తాకే చోటు ఎక్కువ.

ఇక ఎంత రాయాలి? ఇక్కడే కొత్తవాళ్ళు బోల్తా పడతారు. తక్కువైతే ఇరుక్కుంటుందని భయపడి దట్టంగా పూస్తారు. నూనెను పిండి చిన్నది చేయలేం. డైలో డొల్ల భుజం దగ్గర, అంటే మెడ కింద వాలిన చోట, చేరిన జిడ్డుకు పోయే దారి ఉండదు. డై నొక్కుతుంది, జిడ్డు తగ్గదు, లొంగేది ఇత్తడి. ఫలితంగా డొల్ల భుజం మీద గోరుతో నొక్కినట్టు సొట్టలు. వాటిని చూసి డై పాడైందనుకుని మార్చేసేవాళ్ళూ ఉంటారు. డైకి గాలి పోయే చిన్న రంధ్రం పెట్టి ఉంటారు, అది పాత జిడ్డుతో మూసుకుపోయిందేమో చూసుకోవాలి. రాయాల్సింది ఒంటికి, అందులోనూ అడుగు దగ్గర, ఎందుకంటే గోడ మందంగా ఉండి ఎక్కువ ఎదురు తిరిగేది అక్కడే. భుజానికి రాయకూడదు. వేళ్ళకు జిడ్డు తెలియాలి, కంటికి మెరవకూడదు. మా అమ్మ దోసె పెనానికి ఉల్లిపాయ ముక్కతో నూనె రాసేది. ఆ లెక్క.

ఇంతా చేసి ఇరుక్కుంటే? మీటను బలంగా లాగితే డొల్ల అంచు చిరిగి ఊడొస్తుంది, ఒళ్ళు మాత్రం డైలోనే ఉంటుంది. అప్పుడు డొల్ల అడుగుకు రంధ్రం వేసి, మర కోసి, బోల్టు బిగించి లాగడమే దారి. దానికోసం ప్రత్యేకంగా సామాను అమ్ముతారంటే ఎంతమందికి జరుగుతుందో ఊహించుకోండి.

రాయడం సగం పనే. మిగతా సగం తుడవడం. కుర్రాడికి ఇది వింతగా తోచింది. అంత జారుడుగా ఉన్నది తుపాకీలో కూడా జారితే ఇంకా మంచిది కదా అన్నాడు.

మంచిది కాదు. పేలినప్పుడు పొడి డొల్ల గది గోడను పట్టుకుని వెనక్కి తన్నే బలంలో కొంత తానే మోస్తుంది. జిడ్డు డొల్ల పట్టుకోదు, భారమంతా వెనకున్న బోల్టు మీదికి పోతుంది. జిడ్డు లోపలికి పాకితే మందుకూ, నిప్పు పుట్టించే ప్రైమరుకూ ముప్పే. అలాగని జిడ్డు తూటాలు చరిత్రలో లేవని కాదు. 1920ల్లో అమెరికాలో పెడర్సన్ అనే ఆయన తన రైఫిలు కోసం తూటాలకు గట్టి మైనం పూత పెట్టించాడు. పూత లేకపోతే ఆ యంత్రాంగంలో డొల్లలు ఊడిరావడం కష్టం. 1932లో సైన్యం దాన్ని కాదని, పూత అక్కర్లేని గరాండ్ రైఫిలును ఎంచుకుంది. ఇటలీవాళ్ళ బ్రెడా 30 మెషిన్‌గన్‌లో ఏకంగా నూనె చల్లే పంపే ఉండేది. ఉత్తర ఆఫ్రికా ఎడారిలో ఆ నూనెకు ఇసుక వచ్చి అంటుకుంది. ఆ తుపాకీ మీద సైనికులకు ఏ అభిప్రాయం ఉండేదో చెప్పనక్కర్లేదు.

తూటా, జిడ్డు అనగానే మన దేశంలో ఎవరికైనా 1857 గుర్తొస్తుంది. కుర్రాడూ అడిగాడు, అదీ ఇదీ ఒకటేనా అని. ఒకటి కాదు. ఎన్‌ఫీల్డ్ రైఫిలు తూటాకు ఇత్తడి డొల్లే లేదు, కాగితపు పొట్లం. కాగితానికి కొవ్వు పూసింది గుండు గొట్టంలో సులువుగా దిగడానికీ, తుపాకీ మందు మసి గట్టిపడకుండా ఉండడానికీ. పొట్లాన్ని పంటితో చించాలి. ఆ కొవ్వు ఆవుదో పందిదో అన్న మాట 1857 జనవరిలో డమ్‌డమ్‌లో పుట్టి పాకింది. పూత లేని తూటాలిస్తాం, మీకు నచ్చింది మీరే పూసుకోండి అని ప్రభుత్వం దిగివచ్చేసరికి నమ్మకం పోయింది. ఆ ఏడాది జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ మనుషులతో వెళ్ళి మన కోఠీ రెసిడెన్సీ మీద దాడి చేశారు. హైదరాబాదు దాడికి కొవ్వే కారణమని చెప్పను, దానికి వేరే కారణాలున్నాయి. కానీ ఏ కందెనైనా దేంతో చేశారని అడగడం చాదస్తమని మాత్రం ఈ ఊళ్ళో ఎవరూ అనకూడదు. జారడం ఒక్కటే చూసిన అధికారికి అది చేతికీ నోటికీ తగులుతుందన్న ధ్యాస లేకపోయింది.

తుడవడం దగ్గర ఇంకో ఉచ్చు ఉంది. అదీ మన దేశపు కథే. బ్రిటిష్ కాలంలో సైన్యం నిలవ ఉంచిన తూటాల ఇత్తడి డొల్లలు వానాకాలంలో వాటంతటవే పగిలేవి. ఎవరూ ముట్టుకోలేదు, పేల్చలేదు. వానల్లో జరుగుతుంది కాబట్టి దానికి సీజన్ క్రాకింగ్ అని పేరు పెట్టారు. కారణం గుర్రపుశాలల్లో తేలింది. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమోనియా, గాలిలో తేమ, డైలో లాగినప్పుడు ఇత్తడిలో మిగిలిపోయిన బిగువు, ఈ మూడూ కలిసి లోహాన్ని గింజల మధ్య చీల్చేవి. 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే ముగ్గురు దీన్ని తేల్చి రాశారు. 70 పాళ్ళు రాగి, 30 పాళ్ళు తుత్తునాగం ఉండే తూటా ఇత్తడికి అమోనియా పడదు. కాబట్టి అమోనియా ఉన్న పాలిష్‌లూ, నేల తుడిచే ద్రావకాలూ నొక్కిన ఇత్తడికి వాడకూడదు. బుష్షులకైనా ఇదే మాట.

ఇంత విన్నాక కుర్రాడు మర్నాడు నాలుగు బుష్షులు తెచ్చాడు. డైని ముందు మెత్తటి పాలిష్‌తో తుడిచి పాత ఇత్తడి వదిలించమన్నాను. ఒక బుష్షు ఉత్తదే నొక్కాడు, ఒకటి యంత్రాల నూనెతో, ఒకటి బట్టల సబ్బు చిక్కటి నీళ్ళలో ముంచి ఆరబెట్టి, ఒకటి తేనెమైనం ఆముదంలో కరిగించి వేలితో రాసి. ఉత్తది గీతలు పడింది, నూనెది కాస్త తక్కువ గీతలతో వచ్చింది. సబ్బుది బాగుంది. మైనం ఆముదం రాసినది వాళ్ళ యజమాని జేబులో పెట్టుకుపోయాడట.

కానీ సాయంత్రం మళ్ళీ వచ్చాడు. వాళ్ళమ్మ ఇత్తడి బిందెలు తోమినట్టే చింతపండుతో రుద్దాడు, ఎంత రుద్దినా చారలు చారలుగానే మెరుస్తోంది, ఏం చేయాలని. చింతపండు పులుపు చిలుము వదిలిస్తుంది, జిడ్డును కాదు. జిడ్డున్న చోట పులుపు ఇత్తడిని తాకనే తాకదు. అందుకే ఆ చారలు. ముందు వేడి నీళ్ళలో కుంకుడు రసం, బాగా జాడించి అప్పుడు చింతపండు, రెండు నిమిషాలు చాలు, ఎక్కువసేపు నానబెడితే తుత్తునాగం పోయి ఇత్తడి గులాబి రంగుకు తిరుగుతుంది. చివరికి మంచినీళ్ళు, పొడిగుడ్డ, ఎండ.

"కుంకుళ్ళు అమ్మ దగ్గరున్నయ్ కాకా" అని లేచాడు.